విహారనౌక ప్రయాణానికి చేతిసంచిలో ఏమేమి ఉండాలి? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు

తిరుచానూరు టీచర్ | సోమవారం, రాత్రి 8:15

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే నెలలో మా కుటుంబం మొదటిసారిగా విహారనౌక ఎక్కబోతోంది. మేము తిరుపతి నుంచి కారులో చెన్నై చేరి, అక్కడి నుంచి రాత్రి విమానంలో సింగపూరు వెళ్తాము. తెల్లవారాక అదే రోజు మధ్యాహ్నం నౌక ఎక్కి, పినాంగ్, ఫుకెట్ చూసుకొని నాలుగు రాత్రుల తరువాత తిరిగి సింగపూరులోనే దిగాలి. నేను, మావారు, తొమ్మిదేళ్ల మా అమ్మాయి, డెబ్బై ఒక్క సంవత్సరాల మా అత్తయ్యగారు, మొత్తం నలుగురం. అత్తయ్యగారికి మధుమేహం ఉంది, రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ తీసుకుంటారు.

పెద్దపెట్టెలను రేవులోనే తీసుకొని నేరుగా గదికి చేరుస్తారని టికెట్ ఇచ్చినవారు చెప్పారు. అలాంటప్పుడు చేతిలో ఉంచుకోవలసినవి ఏమిటి, పెట్టెలో వేయదగినవి ఏమిటి అన్నది నాకు తేలడం లేదు. మావారు పాస్‌పోర్టులు, డబ్బు ఉంటే చాలునంటున్నారు. అత్తయ్యగారేమో ఇంటిని సగం చేతిసంచిలో సర్దుతున్నారు. ఇదివరకు వెళ్లివచ్చినవారు మీ అనుభవం చెబితే మాకు ఎంతో మేలు చేసినవారవుతారు.

పుత్తూరు ప్రయాణికుడు | సోమవారం, రాత్రి 9:02

అమ్మా, మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. రెండేళ్ల క్రితం మేము ఇలాగే విహారనౌకలో వెళ్లాము. మా మామగారికి రక్తపోటు, మధుమేహం రెండూ ఉన్నాయి. ఆయన మందుల డబ్బాను మా ఆవిడ పెద్దపెట్టెలో చీరల మధ్య భద్రంగా పెట్టింది, చేతిసంచిలో అయితే నలుగుతుందని. అదే పెట్టెలో, పొద్దున్నే కాఫీకి నీళ్లు కాచుకోవడానికని చిన్న కరెంటు కెటిల్ కూడా పెట్టాము. మధ్యాహ్నం రెండు గంటలకు నౌక ఎక్కాము. సాయంత్రం ఆరు దాటేసరికి మా వరుసలోని గదులన్నింటి ముందూ పెట్టెలు వచ్చి నిలబడ్డాయి, మాది మాత్రం రాలేదు. ఏడున్నరకు రిసెప్షన్‌లో అడిగితే, స్కానర్‌లో కెటిల్ కనబడినందువల్ల ఆ పెట్టెను భద్రతా సిబ్బంది ఆపి ఉంచారని, యజమాని స్వయంగా వచ్చి తెరిచి చూపించాలని చెప్పారు. కింది అంతస్తులో వరుసలో నిలబడి, పెట్టె తెరిచి, కెటిల్ అప్పగించి రసీదు తీసుకొని గదికి వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. మామగారు భోజనానికి ముందు వేసుకోవలసిన మాత్ర వేసుకోలేదు, మందు లేకుండా తినడానికి భయపడి భోజనమూ చేయలేదు. మంచం అంచున కూర్చొని తలుపు వంకే చూస్తూ ఉండిపోయారు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్లలో మెదులుతుంది.

అప్పటి నుంచి నేను పాటించే లెక్క ఒక్కటే. ఆ పెద్దపెట్టె రేపు ఉదయం దాకా నా చేతికి రాదు అనుకొని చేతిసంచి సర్దుతాను. రాకపోతే ఏ వస్తువు కోసం మనిషి ఇబ్బంది పడతాడో ఆ వస్తువు చేతిలో ఉండాలి. మిగిలినదంతా పెట్టెలోకి పోవచ్చు.

నౌకలో పదకొండేళ్లు | సోమవారం, రాత్రి 10:40

చిత్తూరు నుంచి రాస్తున్నాను. పదకొండు సంవత్సరాలు విహారనౌకల్లో గదుల విభాగంలో పనిచేసి, ఇప్పుడు ఊరికి తిరిగి వచ్చి స్థిరపడ్డాను. పుత్తూరు సోదరుడు చెప్పిన లెక్క సరైనదే. పెట్టె ఎందుకు ఆలస్యమవుతుందో తెలిస్తే, మీకు సర్దుకోవడం ఇంకా తేలికవుతుంది.

రేవులో మీరు పెట్టెను అప్పగించినప్పుడు దానికి మీ గది నంబరు ఉన్న కాగితపు పట్టీ ఉంటుంది. అక్కడి నుంచి పెట్టెలన్నీ స్కానర్ గుండా వెళ్లి, ఇనుప చట్రాల బోనుల్లోకి చేరి, ఫోర్క్‌లిఫ్టు మీద నౌక పొట్టలోకి వస్తాయి. అక్కడ అంతస్తుల వారీగా విడదీసి, లిఫ్టుల్లో పైకి పంపి, ఆ తరువాత ఒక్కొక్క గది తలుపు దగ్గరకు మనుషులే చేతులతో తోసుకొని వెళ్లి పెడతారు. వేలమంది ఎక్కే నౌకలో అన్ని వేల పెట్టెలు కొన్ని గంటల్లో ఇలా నడవాలి. మొదటి పెట్టె మధ్యాహ్నం మూడుకే రావచ్చు, చివరిది రాత్రి భోజనాల తరువాత రావచ్చు, మీది ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేరు. పట్టీ ఊడిపోతే ఇంకా ఆలస్యం. అందువల్ల పట్టీని స్టేప్లర్‌తో గట్టిగా బిగించి, దానిపైన వెడల్పాటి ప్లాస్టిక్ టేపు చుట్టండి. పేరు, గది నంబరు రాసిన చీటీ ఒకటి పెట్టె లోపల కూడా వేయండి.

ఇక పెట్టెను ఆపేది దాదాపుగా ఎప్పుడూ ఇవే: ఇస్త్రీపెట్టె, కెటిల్, ఇండక్షన్ పొయ్యి, సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారిగా పెరిగితే అడ్డుకునే భాగం) ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు, పెద్ద కత్తి, మద్యం సీసా, కొవ్వొత్తులు, అగరుబత్తీలు. నడిసముద్రంలో నౌకకు అగ్నిని మించిన శత్రువు లేదు, అందుకే వేడి పుట్టించే ఇలాంటి వస్తువులను గదిలోకి రానివ్వరు. ఇవి చేతిసంచిలో ఉన్నా తీసుకుంటారు, కాబట్టి ఇంట్లోనే వదిలిపెట్టండి.

మీరు రాసిన దానిలో ఒక విషయం నాకు ఆందోళన కలిగించింది. ఉదయం విమానం దిగి అదే మధ్యాహ్నం నౌక ఎక్కుతామన్నారు. విమానం ఆలస్యమైతే నౌక మీకోసం ఆగదు. విమానంలో వేసిన పెట్టె మీతో దిగకపోతే, అది సింగపూరు చేరేసరికి మీరు నడిసముద్రంలో ఉంటారు. వీలుంటే ఒక రోజు ముందుగా వెళ్లి అక్కడ ఒక రాత్రి ఉండండి. అది కుదరకపోతే, నలుగురికీ తలా రెండు జతల లోదుస్తులు, ఒక జత బట్టలు చేతిసంచుల్లో తప్పకుండా ఉండాలి.

తిరుచానూరు టీచర్ | మంగళవారం, ఉదయం 6:50

ఇద్దరికీ కృతజ్ఞతలు. రాత్రి మావారికి ఈ రెండు జవాబులూ చదివి వినిపించాను. టికెట్లు ఒక రోజు ముందుకు జరపడానికి ఆయన వెంటనే ఒప్పుకున్నారు. ఇప్పుడు అత్తయ్యగారి ఇన్సులిన్ గురించి చెప్పగలవారు ఉంటే చెప్పండి. చెన్నై ఎండలోనూ, రేవులో వరుసలోనూ అది పాడవుతుందేమో అన్నది నా భయం.

చిత్తూరు మందులకొట్టు | మంగళవారం, ఉదయం 9:25

నేను ఇరవై ఏళ్లుగా మందుల దుకాణం నడుపుతున్నాను. నాకు తెలిసినది చెబుతాను, మోతాదుల సంగతి మాత్రం మీ డాక్టరుగారినే అడగండి.

ఇన్సులిన్‌ను ఎట్టి పరిస్థితిలోనూ విమానం పెద్దపెట్టెలో వేయకూడదు, అక్కడి చలికి గడ్డకట్టవచ్చు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ తిరిగి కరిగినా పనికిరాదు, చూడడానికి మామూలుగానే కనబడుతుంది కనుక ప్రమాదం ఎక్కువ. తెరవని వాటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడకంలో ఉన్న పెన్ను లేదా సీసా అయితే, 30 డిగ్రీలు దాటని చోట సాధారణంగా నాలుగు వారాల దాకా నిలుస్తుంది. ఏ రకానికి ఎన్ని రోజులో దాని పెట్టె మీదే రాసి ఉంటుంది. నీళ్లలో నానబెడితే లోపలి గుళికలు ఉబ్బి చల్లదనాన్ని నిలిపే సంచులు దొరుకుతాయి, అవి ప్రయాణానికి చాలా అనువైనవి. అవి దొరకకపోతే చిన్న థర్మాస్ సంచి చాలు. మంచుగడ్డ ప్యాకెట్టు పెడితే మాత్రం ఇన్సులిన్‌కు నేరుగా తగలకుండా మధ్యలో మందపాటి తువాలు మడత ఉండాలి. ఎండకు పాడవుతుందని భయపడి ఐసు మీద పెట్టి గడ్డకట్టించినవారిని నేను మన ఊళ్లోనే చూశాను.

గదిలో ఉండే చిన్న ఫ్రిజ్ చాలా నౌకల్లో పానీయాలను ఓ మోస్తరుగా చల్లబరిచేది మాత్రమే. ఎక్కగానే మీ గదిని చూసే ఉద్యోగికి ఇన్సులిన్ ఉందని చెప్పండి, వాడిన సూదులు వేయడానికి మూత ఉన్న గట్టి డబ్బా కూడా అప్పుడే అడగండి. నౌకలో ఉండే వైద్యకేంద్రం పనివేళలు కూడా తెలుసుకొని ఉంచుకోవడం మంచిది.

మాత్రలను అట్టల నుంచి తీసి వారం డబ్బాలో పోసుకొని బయలుదేరకండి. పేరు, గడువు తేదీ కనబడే అట్టలతోనే, ప్రయాణం రోజులకన్నా కనీసం నాలుగు రోజులకు ఎక్కువగా తీసుకెళ్లండి. డాక్టరుగారి చీటీలో కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా ఉండేలా రాయించుకోండి. ఇక్కడి కంపెనీ పేరు పరదేశంలో వారికి అర్థం కాకపోవచ్చు. ఇంకొక్క మాట. కోడీన్ కలిసిన దగ్గు మందులకు, కొన్ని నిద్రమాత్రలకు సింగపూరులో ముందస్తు అనుమతి కావాలి. అత్తయ్యగారు అలాంటివి వాడుతూ ఉంటే ఇప్పుడే కనుక్కోండి.

తలతిరుగుడు, వాంతుల సంగతి కూడా చెప్పాలి. మన దగ్గర బస్సు ప్రయాణాలకు వాడే అవోమిన్, అంటే ప్రోమెథజైన్ థియోక్లేట్, సముద్ర ప్రయాణానికీ పనిచేస్తుంది. అయితే కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే ప్రయోజనం తక్కువ, నౌక కదలడానికి గంట రెండు గంటల ముందే వేసుకోవాలి. ఆ సమయానికి పెద్దపెట్టె మీ దగ్గర ఉండదు కాబట్టి ఇది చేతిసంచిలోనే ఉండాలి. నిద్రమత్తు కలిగిస్తుంది. నీటికాసులు లేదా ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దవారు డాక్టరుగారిని అడగకుండా వేసుకోకూడదు. అల్లం మురబ్బా బిళ్లలు నాలుగు పెట్టుకోండి, చాలామందికి వాటితోనే సర్దుకుంటుంది.

తిరుచానూరు టీచర్ | మంగళవారం, రాత్రి 8:30

ఎంత ఓపికగా రాశారండీ! అత్తయ్యగారికి మీ జవాబు అక్షరం పొల్లుపోకుండా చదివాను. ఆవిడ తరఫున ఇప్పుడు ఒక ప్రశ్న. ఆవిడ రోజూ ఉదయం దీపం పెట్టకుండా కాఫీ కూడా తాగరు. చిన్న వెంకటేశ్వరస్వామి పటం, కర్పూరం, అగరుబత్తీలు, నేతివత్తులు, శ్రీవారి లడ్డూలు ఆరు, వీటన్నింటినీ చేతిసంచిలో పెట్టుకుంటామంటున్నారు. వీటితో పాటు నిప్పట్లు, చెనక్కాయల పొడి, మామిడికాయ ఊరగాయ కూడా ఉన్నాయి. వీటిలో ఏవి కుదురుతాయి?

అలిపిరి నడకదారి | మంగళవారం, రాత్రి 9:10

లడ్డూ ప్రసాదం తప్పకుండా తీసుకెళ్లండి అమ్మా. మేము ఎన్నోసార్లు విమానంలో చేతిసంచిలోనే తీసుకెళ్లాము, స్కానర్ దగ్గర ఎవరూ అడ్డుచెప్పలేదు. తిరుపతి వాసులం దూరప్రయాణం వెళ్తూ ప్రసాదం లేకుండా గడప దాటడం మన ఇళ్లల్లో లేదు. ప్లాస్టిక్ కవరులో ఊపిరాడకుండా కట్టకండి, చెమ్మ చేరి వాసన మారుతుంది. కాగితంలో చుట్టి స్టీలు డబ్బాలో పెడితే నాలుగైదు రోజులు బాగుంటాయి.

నౌకలో పదకొండేళ్లు | మంగళవారం, రాత్రి 10:05

అలిపిరి గారు చెప్పినది విమానం వరకు నిజం. నౌక నియమం వేరు. ఎక్కువ కంపెనీలు ఇంట్లో వండినవాటినీ, సీలు లేని ఆహారాన్నీ నౌకలోకి అనుమతించవు, కర్మాగారంలో మూసిన ప్యాకెట్లను మాత్రమే ఒప్పుకుంటాయి. నౌకలో ఒకరికి కడుపు పాడైతే రెండు రోజుల్లో వందమందికి వ్యాపించవచ్చు, అందువల్ల ఆహారం విషయంలో అంత పట్టుదలగా ఉంటారు. మన లడ్డూకు 2009లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ, దాని మీద కర్మాగారపు సీలు ఉండదు కదా! రేవులో నిలబడిన అధికారికి అది ఇంటి మిఠాయిగానే కనబడుతుంది. ప్రసాదాన్ని ఆయన చెత్తబుట్టలో వేయడం చూడవలసి వస్తే అత్తయ్యగారి మనసు ఎంత నొచ్చుకుంటుందో ఆలోచించండి. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు అలాంటి దృశ్యం చూశాను, మళ్లీ చూడదలచుకోలేదు. సింగపూరులో ఉండే రాత్రి నలుగురూ భక్తిగా పంచుకొని తినండి, మిగిలితే హోటలులో తోటివారికి పెట్టండి. రేవుకు ఖాళీ డబ్బాతో రండి.

నిప్పట్లు, పొడి ఇంట్లో చేసినవి కాకుండా, తయారీదారు పేరు, గడువు తేదీ ముద్రించి మూసిన ప్యాకెట్లు కొనుక్కోండి. అవి కూడా నౌకలో తినడానికే, పినాంగ్‌లోనో ఫుకెట్‌లోనో ఒడ్డుకు దిగేటప్పుడు సంచిలో ఉంచుకోకండి. శాకాహారం గురించి బెంగ వద్దు, ఈ మార్గంలో తిరిగే నౌకల్లో భారతీయులు చాలా ఎక్కువ, అన్నం, పప్పు, పెరుగు దొరుకుతాయి. ముందుగానే శాకాహారమని నమోదు చేయించండి.

కర్పూరం, వత్తులు, అగరుబత్తీలు, అగ్గిపెట్టె, ఇవి వద్దే వద్దు. స్వామి పటం, కుంకుమ, విభూతి పొట్లం హాయిగా పెట్టుకోవచ్చు. బ్యాటరీతో వెలిగే చిన్న దీపాలు తిరుపతి బజారులో దొరుకుతాయి, అది పటం ముందు పెట్టుకోమనండి. గది గోడలు చాలా నౌకల్లో ఉక్కు రేకులే కనుక, అయస్కాంతపు కొక్కెం ఒకటి ఉంటే పటాన్ని తగిలించుకోవచ్చు. తడి తువాలు ఆరవేయడానికీ అదే పనికివస్తుంది.

రేణిగుంట కుర్రవాడు | బుధవారం, ఉదయం 7:45

పెద్దలకు నమస్కారం. విమానం వైపు నుంచి కొన్ని మాటలు చేరుస్తాను, ఎందుకంటే టీచర్ గారి చేతిసంచి రెండు తనిఖీలు దాటాలి.

ఊరగాయ చేతిసంచిలో పెట్టుకుంటే చెన్నైలోనే తీసేస్తారు. ఎండు కొబ్బరి చిప్పలను చెక్-ఇన్ పెట్టెలో వేయనివ్వరు, దానిలోని నూనె వల్ల మంట అంటుకుంటుందన్నది కారణం. ద్రవాలు, క్రీములు, పేస్టు ఏవైనా ఒక్కొక్కటి 100 మి.లీ. దాటని సీసాల్లో, అన్నీ కలిపి ఒక లీటరు పట్టే పారదర్శకమైన సంచిలో ఉండాలి. సగం అయిపోయిన 200 మి.లీ. కొబ్బరినూనె సీసాను కూడా ఒప్పుకోరు, సీసా కొలతే వారికి లెక్క. ఇన్సులిన్‌కు ఈ పరిమితి వర్తించదు, కానీ బయటకు తీసి, చీటీతో పాటు చూపించాలి.

పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి, పెద్దపెట్టెలో ఉంటే పెట్టెను వెనక్కి పిలిపిస్తారు. పరిమితి 100 వాట్ అవర్లు, అంటే బ్యాటరీలో పట్టే శక్తి కొలత. 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నదానిని 3.7 వోల్టులతో లెక్కకడితే 74 వాట్ అవర్లు వస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. అయితే దాని మీద అచ్చు చెరిగిపోయి ఉంటే అధికారులు ఒప్పుకోకపోవచ్చు, చూసుకోండి. నౌక గదిలో ప్లగ్గులు మన పిన్నులకు సరిపోకపోవచ్చు, అన్ని దేశాలకూ పనికివచ్చే అడాప్టర్ ఒకటి చేతిసంచిలో ఉండాలి.

నౌక ఒడ్డు వదలగానే ఫోన్లను ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి. నౌకకు ఉపగ్రహం ద్వారా నడిచే సొంత మొబైల్ నెట్‌వర్కు ఉంటుంది, మన ఫోను మనకు చెప్పకుండానే దానికి తగులుకుంటే బిల్లు తడిసి మోపెడవుతుంది. ఈ కారణంగానే టికెట్లు, వీసా, హోటలు చీటీలు అన్నింటినీ కాగితం మీద ముద్రించుకోండి. మీరు సింగపూరులో రెండుసార్లు ప్రవేశిస్తారు, ఒకసారి విమానంలో, ఇంకొకసారి నౌకలో. కాబట్టి వీసా బహుళ ప్రవేశానికి ఉన్నదో లేదో చూసుకోండి. సింగపూరు ప్రవేశ కార్డును చేరే రోజుతో కలిపి మూడు రోజుల లోపల ఇంటర్నెట్టులో ఉచితంగా నింపాలి, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ నింపాలి. పాస్‌పోర్టులకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. చూయింగ్ గమ్, ఖైనీ, జర్దా వంటివి సింగపూరులోకి నిషిద్ధం. ఇంట్లో తాంబూలం అలవాటు ఉన్నవారు ఎవరైనా ఉంటే సంచి మూలలు కూడా దులిపి చూడండి.

పలమనేరు గృహిణి | బుధవారం, మధ్యాహ్నం 2:20

అందరూ ఎక్కే రోజు గురించే చెబుతున్నారు. దిగే రోజు సంగతి ఎవరూ ప్రస్తావించలేదు కనుక నేను చెప్పాలి.

చివరి రాత్రి పెద్దపెట్టెలను గది తలుపు బయట పెట్టమంటారు. అర్ధరాత్రి లోపల వాటిని తీసుకెళ్లిపోతారు, మరుసటి ఉదయం మనం నౌక దిగాక రేవులోని హాలులోనే మళ్లీ చేతికి వస్తాయి. మేము ఆ రాత్రి తొమ్మిది గంటలకు బుద్ధిగా అన్నీ మడిచి, పెట్టెలు బయట పెట్టి పడుకున్నాము. తెల్లవారి లేచి చూసుకుంటే నా ఒంటిమీద రాత్రి వేసుకునే నైటీ తప్ప కట్టుకోవడానికి గుడ్డముక్క లేదు. మా మరిదిగారి బూట్లు కూడా పెట్టెలోనే వెళ్లిపోయాయి. ఎదురుగదిలో ఉన్న చిత్తూరు ఆవిడ తన చుడీదారు ఇవ్వకపోతే ఆ ఉదయం నేను ఏమయ్యేదాన్నో! దువ్వెన, బొట్టుబిళ్లలు, అన్నీ వెళ్లిపోయాయి.

కాబట్టి చేతిసంచిని రెండుసార్లు సర్దుకోవాలి. చివరి రోజు సాయంత్రం ముందుగా మరునాటి బట్టలు, చెప్పులు, పళ్లపొడి, మందులు, పాస్‌పోర్టులు మంచం మీద పరిచి, అవి చేతిసంచిలోకి వెళ్లిన తరువాతనే పెద్దపెట్టె మూయండి. మీ సామాను మీరే మోసుకొని దిగుతామంటే కొన్ని నౌకల్లో ఒప్పుకుంటారు. అప్పుడు ఈ చిక్కే ఉండదు, కానీ డెబ్బై దాటిన పెద్దావిడతో అది కష్టం.

ఎక్కిన రోజు విషయానికి వస్తే, మీ అమ్మాయి ఈతదుస్తులు చేతిసంచిలో పెట్టండి. పెట్టెలు వచ్చేలోగా ఈతకొలను ఖాళీగా ఉంటుంది, పిల్లలకు ఆ మొదటి మధ్యాహ్నమే పండుగ. పెద్దవారికి ఒక శాలువా ఉండాలి, నౌకలో ఏసీ చాలా చల్లగా ఉంటుంది.

కాణిపాకం వాసి | బుధవారం, సాయంత్రం 6:30

మేము 2023లో చెన్నై రేవు నుంచే శ్రీలంకకు నౌకలో వెళ్లాము. మాకు విమానం తనిఖీ లేదు కాబట్టి సామాను బెంగ తక్కువ. అటువైపు వెళ్లేవారు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. కాంకేసంతురై రేవు దగ్గర దిగితే యాళ్పాణం (జాఫ్నా)లోని నల్లూరు కందస్వామి కోవెల చూడవచ్చు, అక్కడ మగవారు చొక్కా తీసి లోపలికి వెళ్లాలి. ఒక పంచె, ఉత్తరీయం ఒడ్డుకు దిగే సంచిలో పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు.

నౌకలో పదకొండేళ్లు | బుధవారం, రాత్రి 9:50

పలమనేరు సోదరి చెప్పిన చివరి రాత్రి సంగతి అక్షరాలా నిజం. ప్రతి ప్రయాణం చివరి ఉదయాన మా కారిడార్‌లో ఒకరిద్దరైనా దుప్పటి చుట్టుకొని తలుపు సందులో నుంచి పిలిచేవారు.

అత్తయ్యగారి కోసం ఒకటి చేరుస్తాను. నౌక బయలుదేరే ముందు ప్రమాద హెచ్చరిక అభ్యాసం ఉంటుంది, ప్రయాణికులందరూ పాల్గొనాలి. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా మునిగి 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన ప్రయాణికులకు అప్పటికి అభ్యాసం జరగలేదు, 24 గంటల లోపల జరిపితే చాలునన్నది అప్పటి నియమం. ఆ తరువాత అంతర్జాతీయ నియమాన్ని మార్చి, నౌక బయలుదేరడానికి ముందుగానీ బయలుదేరిన వెంటనేగానీ అభ్యాసం జరగాలని 2015 జనవరి 1 నుంచి అమలు చేశారు. ఇది పెట్టెలు రాకముందే జరుగుతుంది కనుక, ఆవిడ కళ్లజోడు, వినికిడి యంత్రం ఉంటే దాని బ్యాటరీలు, జారని చెప్పులు ఒంటిమీదో చేతిసంచిలోనో ఉండాలి.

తిరుచానూరు టీచర్ | శనివారం, సాయంత్రం 5:15

ఈరోజు పొద్దున సెలవు కావడంతో నలుగురం కూర్చొని సర్దాము. మా చక్రాల చేతిపెట్టెను వీధిచివర కిరాణాకొట్టులో తూకం వేయిస్తే ఖాళీగానే రెండు కిలోల ఆరువందలు తూగింది. విమానంలో అనుమతి ఏడు కిలోలే. అందువల్ల దానిని పక్కన పెట్టి, మా అమ్మాయి బడిసంచి లాంటి వీపుసంచులు మూడు తీసుకున్నాము, ఒక్కొక్కటి ఎనిమిది వందల గ్రాములు కూడా లేదు. అత్తయ్యగారి చేతికి బరువు లేకుండా, మెడలో వేసుకునే చిన్న సంచి ఒకటి ఇచ్చాము. అందులో ఆవిడ కళ్లజోడు, ఒక పూట మందు, బెల్లం చాక్లెట్లు, మా గది నంబరు రాసిన చీటీ ఉన్నాయి.

స్వామివారి దీపం విషయంలో ఆవిడ మొదట ఒప్పుకోలేదు. నౌకలో పదకొండేళ్లు పనిచేసిన అన్నయ్యగారు నౌకకు అగ్నితో ఉన్న ప్రమాదం గురించి రాసినది చదివి వినిపించాక, కాసేపు ఆలోచించి, బ్యాటరీ దీపం తెమ్మన్నారు.

పుత్తూరు ప్రయాణికుడు | శనివారం, రాత్రి 8:00

చాలా సంతోషం అమ్మా. ఒక్క సవరణ. మందులన్నీ ఒకే వీపుసంచిలో పెట్టకండి. సగం మీ సంచిలో, సగం మీవారి సంచిలో ఉంచండి. ఒక సంచిని ఎక్కడైనా మరిచిపోయినా రెండోదానితో ప్రయాణం గడుస్తుంది. ఇన్సులిన్ పెన్నులు కూడా అంతే. పాస్‌పోర్టుల నకళ్లు కూడా వేరే సంచిలో వేయండి, కొన్ని ప్రయాణాల్లో నౌకవారు అసలు పాస్‌పోర్టులను దిగేదాకా తమ దగ్గరే ఉంచుకుంటారు.

తిరుచానూరు టీచర్ | నెల తరువాత, ఆదివారం, ఉదయం 10:30

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి తిరుపతి చేరాము. సహాయం చేసిన ఒక్కొక్కరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

మేము మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు నౌక ఎక్కాము. మా రెండు పెట్టెల్లో ఒకటి సాయంత్రం అయిదుకు, రెండోది రాత్రి ఎనిమిది నలభైకి వచ్చాయి. అత్తయ్యగారు ఏడున్నరకు ఇన్సులిన్ తీసుకొని, ఎనిమిదికి మాతో కలిసి పెరుగన్నం తిన్నారు. పుత్తూరు అన్నయ్యగారూ, ఆ సమయంలో నాకు మీ మామగారే గుర్తుకు వచ్చారు. అమ్మాయి మూడు గంటలకే ఈతకొలనులో దిగింది. లడ్డూలను సింగపూరు హోటలులోనే పంచుకున్నాము, వంటగదిలో పనిచేసే తంజావూరు పెద్దాయన ఒకరు రెండు చేతులతో కళ్లకద్దుకొని తీసుకున్నారు. చివరి రాత్రి బట్టలను ముందుగా మంచం మీద పరిచి, ఆ తరువాతనే పెట్టె మూశాము.

ఎవరమూ అనుకోనిది ఒకటి జరిగింది. అత్తయ్యగారికి పైవరుస కట్టుడుపళ్లు ఉన్నాయి. రాత్రిపూట వాటిని వేసి ఉంచే డబ్బా, శుభ్రం చేసే బిళ్లలు రెండో పెట్టెలో ఉండిపోయాయి. విమానంలో రాత్రంతా పళ్లు తీయకుండా కూర్చొని, సింగపూరు హోటలుకు చేరాక చూస్తే చిగురు ఒరుసుకుపోయి ఎర్రబడింది. ఆ పెట్టె మాతోనే ఉంది కాబట్టి వెంటనే తీసి ఇచ్చాను. నౌక ఎక్కే ముందు ఆ డబ్బా మెడసంచిలోకి మారింది. ఇంట్లో కట్టుడుపళ్లు ఉన్న పెద్దవారితో వెళ్లేవారు ఇది కూడా రాసుకోండి.